మా బ్యాండ్‌కు ఏ మిక్సర్ కొనాలి? వరంగల్ బృందాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కీబోర్డు వాయించడానికి ఆర్కెస్ట్రాలో చేరినవాణ్ని. మిక్సర్ చూసుకునే మనిషి రాని ఒక రాత్రి ఆ కుర్చీలో కూర్చున్నాను, మళ్లీ ఎవరూ నన్ను లేవనివ్వలేదు. హన్మకొండ, కాజీపేట, జనగామ, నర్సంపేట, కరీంనగర్ వైపు బృందాలు మిక్సర్ కొనేముందు నన్ను అడిగే ప్రశ్నలు ఇవి. మిక్సర్ అంటే మైకుల, వాద్యాల ధ్వనులను కలిపి స్పీకర్లకు పంపే పెట్టె. జవాబుల్లో నా ఇష్టాయిష్టాలు కూడా ఉన్నాయి. ఇక్కడ బ్యాండ్ అంటే పెళ్లి ఊరేగింపు ముందు బాకాలు ఊదేవాళ్లు కాదు, వేదిక మీద పాడి వాయించే బృందం.

సౌండ్ సిస్టం అద్దెకిచ్చేవాళ్లే మిక్సర్ తెస్తారు. మాకు సొంతది ఎందుకు?

ఏడాదికి నాలుగైదు కార్యక్రమాలే అయితే కొనకండి. ఆ డబ్బుతో రెండు మంచి మైకులు కొనుక్కోండి, ఎవరి మిక్సర్‌కైనా పనికొస్తాయి. నెలకు రెండు మూడు కార్యక్రమాలు, వారానికోసారి రిహార్సల్ ఉన్నవాళ్లకు సొంత మిక్సర్ గిట్టుబాటవుతుంది. అద్దె మిగలడం అందులో చిన్న లాభమే. మీ గాయని గొంతుకు ఏ గుండీ ఎక్కడ ఉండాలో రిహార్సల్ గదిలోనే తేలిపోతుంది. పెళ్లి మండపంలో, పక్కన వంటవాళ్లు గుండిగలు దొర్లిస్తుండగా వెతుక్కునే బాధ తప్పుతుంది.

పెట్టె మీద '16 ఛానల్' అని ఉంది. పదహారు మైకులు పెట్టుకోవచ్చా?

చాలా బోర్డుల్లో, అంటే మిక్సర్లలో, పెట్టుకోలేరు. ఛానల్ అంటే ఒక ధ్వని మిక్సర్‌లోకి వచ్చే దారి, ప్రతి దారికీ మైకు సాకెట్ ఉండదు. నా మొదటి మిక్సర్ అలాంటిదే. నర్సంపేట దగ్గర ఒక పెళ్లిలో మొదటిసారి దాన్ని తెరిచి తీగలు గుచ్చుతున్నాను. ఎనిమిది మైకులయ్యాయి. తొమ్మిదో తీగ చేతిలో పట్టుకుని బోర్డంతా వెతికాను. మూడు రంధ్రాల మైకు సాకెట్లు ఎనిమిదే ఉన్నాయి. మిగిలినవి నాలుగు స్టీరియో లైన్ ఛానళ్లు, అంటే మైకులకు కాదు, కీబోర్డు, లాప్‌టాప్ వంటివాటికి. ఒక్కోదాన్ని ఎడమ, కుడి అని రెండుగా లెక్కపెట్టి పదహారు చేశారు. లెక్క తప్పేమీ కాదు, బోర్డు బొమ్మ చూడకుండా అంకె చూసి కొన్నది నేనే. ఆ రాత్రి ఢోలక్ అన్న మైకు లేకుండానే అరచేతులు కందిపోయేలా వాయించాడు. తిరుగు ప్రయాణంలో నాతో మాట్లాడలేదు.

కాబట్టి మూడు రంధ్రాల సాకెట్లు ఎన్ని ఉన్నాయో మీ వేలితో లెక్కపెట్టుకోండి. యమహా ఎంజీ10ఎక్స్‌యూలో మైకులకు దొరికేవి 4, ఎంజీ12ఎక్స్‌యూలో 6, ఎంజీ16ఎక్స్‌యూలో 10. బెహ్రింగర్ డిజిటల్ పెట్టెల్లో ఎక్స్‌ఆర్12కు 4, ఎక్స్‌ఆర్16కు 8, ఎక్స్‌ఆర్18కు 16. పేరు చూసి ఎక్స్‌ఆర్16కూ ఎక్స్‌ఆర్18కూ తేడా రెండే అనుకుంటారు. మైకుల దగ్గరికి వచ్చేసరికి అది సరిగ్గా రెట్టింపు.

మరి మాకు ఎన్ని కావాలి?

కాగితం తీసుకుని వేదిక మీద నిలబడే మనుషుల్ని ఎడమ నుంచి కుడికి రాయండి. మా వైపు ఒక మామూలు ఆర్కెస్ట్రా ఇలా ఉంటుంది: గాయకులు ముగ్గురు, యాంకర్ ఒకరు, ఢోలక్‌కు రెండు వైపులా రెండు మైకులు, తబలాకు రెండు. ఇవి ఎనిమిది. గిటార్, బేస్ గిటార్ డీఐ పెట్టెల (వాద్యం ధ్వనిని మైకు సాకెట్‌కు సరిపోయేలా మార్చే చిన్న పెట్టెలు) ద్వారా మైకు సాకెట్లలోకే వస్తాయి, పది అయ్యాయి. కీబోర్డు, రిథమ్ ప్యాడ్, ట్రాకులు వదిలే లాప్‌టాప్ స్టీరియో జతల్లోకి వెళ్తాయి.

పది మైకు సాకెట్ల బోర్డు దీనికి అచ్చుగా సరిపోయినట్టు కనిపిస్తుంది. కానీ ముఖ్య అతిథి గొంతు సవరించుకుని 'నాకో మైకు' అంటారు. అందుకని మీ లెక్క మీద కనీసం రెండు ఎక్కువ ఉండాలి. అంత డబ్బు లేకపోతే తబలాకు రెండింటి మధ్యలో ఒకే మైకు పెట్టండి, కీబోర్డును ఒక్క తీగతో మోనోలో తీసుకోండి. మైదానంలో కూర్చున్నవాళ్లకు కీబోర్డు స్టీరియోలో ఉందా లేదా అన్న పట్టింపు ఉండదు. కీబోర్డు వాయించేవాడికే ఉంటుంది. నాకూ ఉండేది.

దుకాణంలో ఎవరూ చెప్పని విషయం ఏదైనా ఉందా?

ఉంది, ఆక్స్. నన్నడిగితే మిక్సర్ ఎంపికను నిర్ణయించాల్సింది ఇదే. ఛానళ్లు తక్కువైతే ఏదో ఒకటి కలిపి సర్దుకోవచ్చు, ఆక్స్ తక్కువైతే సర్దుకోవడం ఉండదు.

ప్రేక్షకుల వైపు తిరిగిన పెద్ద స్పీకర్లలో ఏం వస్తోందో వేదిక మీదివాళ్లకు సరిగా వినపడదు. వాళ్ల కాళ్ల దగ్గర మానిటర్లు పెడతాం. ఆ మానిటర్లలోకి ఏ ధ్వని ఎంత వెళ్లాలో నిర్ణయించే గుండీల వరసే ఆక్స్. ఒక్కో ఆక్స్ ఒక్కో వేరే మిశ్రమం. గాయకుడికి తన గొంతు, కొంచెం కీబోర్డు కావాలి. ఢోలక్ అన్నకు బేస్, ట్రాకు కావాలి, పాట అంతగా అక్కర్లేదు. ఒకే ఆక్స్ ఉంటే ఇద్దరికీ ఒకటే కలగూరగంప. గాయకుడు 'నాకు వినపడటం లేదు' అని చేత్తో పైకి సైగ చేస్తాడు, మీరు పెంచుతారు, ఢోలక్ అన్న 'పాట ఎక్కువైంది' అని కిందికి సైగ చేస్తాడు. మూడో పెంపుకు మానిటర్ కీచుమంటుంది. ముందు వరసలో పెళ్లికొడుకు మేనమామ చెవులు మూసుకుని మీ వైపే చూస్తాడు.

పెట్టె మీది ఆక్స్ లెక్కలోనూ ఒక కిటుకుంది. ఎకో వంటి ఎఫెక్టులకూ ఒక ఆక్స్ కావాలి. ఎంజీ10ఎక్స్‌యూలో ఉన్నది ఒకటే, అది ఎఫెక్టుల వాటా. ఎంజీ12ఎక్స్‌యూలో ఎఫెక్టుతో కలిపి రెండు, ఎంజీ16ఎక్స్‌యూలో నాలుగు. ఎక్స్‌ఆర్12కు బయటికి వచ్చే ఆక్స్ తీగలు 2, ఎక్స్‌ఆర్16కు 4, ఎక్స్‌ఆర్18కు 6. వీటిలో ఎఫెక్టులు వేరే దారిలో నడుస్తాయి కాబట్టి ఇవన్నీ మానిటర్లకే.

ఇంకొక్క సంగతి. మానిటర్‌కు వాడే ఆక్స్ 'ప్రీ' అయి ఉండాలి, అంటే ఫేడర్‌తో (ఛానల్ ధ్వనిని పెంచి తగ్గించే, పైకి కిందికి జరిపే మీట) సంబంధం లేకుండా వెళ్లాలి. 'పోస్ట్' అయితే జనం కోసం పల్లవిలో గాయని ఫేడర్ పెంచినప్పుడల్లా ఆమె కాళ్ల దగ్గరి మానిటర్ కూడా పెరిగి కూత పెడుతుంది. ఎకోకు మాత్రం పోస్టే సరి. కొన్ని బోర్డుల్లో ప్రీ, పోస్ట్ మార్చే చిన్న మీట ఉంటుంది. అది ఉన్న బోర్డుకు నేను రెండు మూడు వేలు ఎక్కువైనా ఇస్తాను.

అనలాగా, డిజిటలా?

మానిటర్లు రెండు వరకే అయితే అనలాగ్. రెండు దాటితే, అంటే ఒక్కొక్కరికి వేర్వేరుగా ఇవ్వాలంటే, డిజిటల్. అన్ని ఆక్సులున్న అనలాగ్ బోర్డు కొనబోతే ధర డిజిటల్‌ను మించిపోతుంది, బరువు మోయడానికి ఇద్దరు కావాలి.

డిజిటల్‌లో ప్రతి ఛానల్‌కూ మరీ పెరిగిన ధ్వనిని అణిచే కంప్రెసర్, చిన్న చప్పుళ్లను ఆపే గేట్, లోతు ధ్వని నుంచి కీచు ధ్వని దాకా నాలుగైదు చోట్ల సర్దుకునే ఈక్వలైజర్ ఉంటాయి. మానిటర్ ఏ శ్రుతి దగ్గర కూస్తోందో ఆ ఒక్క చోటే కోసేయవచ్చు. రిహార్సల్‌లో చేసుకున్న అమరికను భద్రపరచి, కార్యక్రమంలో ఒక్క నొక్కుతో తెచ్చుకోవచ్చు. ఇన్ని ఉన్నా, నేర్చుకోవడానికి మీలో ఒకరు నెల రోజులు కూర్చోకపోతే ఆ డబ్బు దండగే. అనలాగ్‌లో ఏ గుండీ ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. పాట మధ్యలో ఏదైనా తేడా వస్తే చెయ్యి దానంతటదే అక్కడికి వెళ్తుంది. డిజిటల్‌లో అదే పనికి ముందు ఛానల్ ఎంచుకోవాలి, తరవాత పేజీ, తరవాత గుండీ.

మన ఊళ్లలో కరెంటు సంగతి కూడా చూడాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకున్నప్పుడు అనలాగ్ బోర్డు వెంటనే పలుకుతుంది. డిజిటల్ బోర్డు కంప్యూటర్‌లాగా మొదటి నుంచి లేవాలి. ఆ కొద్దిసేపూ వేదిక మీద యాంకర్‌కు యుగంలా ఉంటుంది. డిజిటల్ కొంటే దానితోపాటు చిన్న యూపీఎస్ కూడా ధరలో కలుపుకోండి. మిక్సర్, దాన్ని ట్యాబ్‌కు కలిపే వైఫై రౌటర్ మాత్రమే దానికి తగిలించాలి. ఆంప్లిఫయర్లు తగిలించారో, అది వెంటనే చేతులెత్తేస్తుంది.

ట్యాబ్‌తో నడిపే మిక్సర్లను నమ్మవచ్చా?

నమ్మవచ్చు, దాని లోపలి వైఫైని మాత్రం కాదు. ఎక్స్‌ఆర్ పెట్టెల్లో సొంత వైఫై ఉంటుంది. అది పనిచేసే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే చుట్టుపక్కల ఫోన్లు, ఇళ్ల రౌటర్లు కూడా ఉంటాయి. ఖాళీ మైదానంలో సాయంత్రం నాలుగింటికి ట్యాబ్ చక్కగా పనిచేసింది. ఎనిమిదింటికి జనం నిండాక ఫేడర్ జరిపితే జరగలేదు. అదృష్టం బాగుండి అప్పుడు అన్నీ సరైన స్థాయిలోనే ఉన్నాయి, నేను వేలు ఊపుతూ పనిచేస్తున్నట్టు నటించాను. తరవాత 5 గిగాహెర్ట్జ్ ఉన్న వేరే రౌటర్ కొని మనిషి ఎత్తులో కట్టాను, ఆ బెడద తగ్గింది. దానితోపాటు లాప్‌టాప్‌కు నెట్‌వర్క్ తీగ కూడా పెట్టెలో ఉంచుకుంటాను. గాలిలో దారి మూసుకుపోతే తీగలో ఉంటుంది. సౌండ్‌క్రాఫ్ట్ యూఐ వరస మిక్సర్లకు వేరే యాప్ అక్కర్లేదు, బ్రౌజర్‌లోనే తెరుచుకుంటాయి. ట్యాబ్ పాడైతే పక్కవాడి ఫోను అడిగి కూడా గట్టెక్కవచ్చు.

ఎకో ఎన్ని రకాలు ఉండాలి?

రెండు చాలు. పెట్టె మీద 24, 99 అని రాసిన అంకెలకు డబ్బు ఇవ్వకండి. గొంతు గదిలో మోగినట్టు వినిపించడానికి ఒక చిన్న రివర్బ్, పాట చివరి మాటను మళ్లీ మళ్లీ పలికించి సాగదీయడానికి ఒక డిలే. యాంకర్ మాట్లాడేటప్పుడు రెండూ ఆపే మీట చేతికి అందేలా ఉందో లేదో చూడండి. పెళ్లి కానుకలు చదివేటప్పుడు 'అయిదు వేలు... వేలు... వేలు...' అని మోగితే ఇచ్చినవాళ్లు సంతోషిస్తారేమో గానీ వినేవాళ్లు నవ్వుతారు.

ఫాంటమ్ పవర్ వేస్తే మామూలు మైకులు కాలిపోతాయా?

ఫాంటమ్ పవర్ అంటే మైకు తీగలోంచే మిక్సర్ పంపే కరెంటు. మంచి తీగతో ఉన్న డైనమిక్ మైకుకు, అంటే పాడేవాళ్లు వేదిక మీద మామూలుగా పట్టుకునే రకానికి, ఏమీ కాదు. పనిచేయడానికి కరెంటు కావాల్సిన కండెన్సర్ మైకులకు, కొన్ని డీఐ పెట్టెలకు ఆ 48 వోల్టులు తప్పనిసరి. చిన్న బోర్డుల్లో అన్ని ఛానళ్లకూ కలిపి ఒకే మీట ఉంటుంది, జాగ్రత్త అక్కడే అవసరం. లాప్‌టాప్‌నో ఫోనునో ఏదో అతుకుల తీగతో మైకు సాకెట్లోకి పెట్టి ఉంటే ఆ వోల్టులు అందులోకీ వెళ్తాయి. ఫేడర్లన్నీ దించి, తీగలన్నీ చూసుకుని, అప్పుడే ఆ మీట నొక్కాలి.

స్పీకర్లలో 'గుంయ్' మంటుంది. మిక్సర్ లోపమా?

పదింట తొమ్మిదిసార్లు కాదు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, ఆ గుంయ్ దాని గొంతే. కీబోర్డు ఒక చోట, మిక్సర్ ఇంకో చోట ప్లగ్గు పెట్టి, రెండింటి మధ్య తీగ కలిపితే ఎర్తుల మధ్య చుట్టు ఏర్పడి పలుకుతుంది. వేదిక మీది వాద్యాలకూ మిక్సర్‌కూ ఒకే చోటి నుంచి కరెంటు తీసుకోండి. లైట్ల వైరింగ్‌కు దూరంగా ఉండండి. కీబోర్డు, లాప్‌టాప్‌లను, ధ్వని తీగలోని గ్రౌండ్ కలయికను తెంపే గ్రౌండ్ లిఫ్ట్ మీట ఉన్న డీఐ పెట్టె ద్వారా తెచ్చుకోండి. చాలావరకు అణిగిపోతుంది.

కొందరు ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేసి 'చూడండి, పోయింది' అంటారు. గుంయ్ పోతుంది, దానితో మనిషి కూడా పోవచ్చు. తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ఇనుప మైకుకు పెదవి ఆనించే గాయకుణ్ని ఒకసారి తలచుకోండి.

టెంట్ల దగ్గర ఇంకో ప్రమాదం, న్యూట్రల్ ఊడటం. మూడు ఫేజుల లైన్లో న్యూట్రల్ తెగితే 230 ఉండాల్సిన చోటికి 400 దాకా రావచ్చు. నా సంచిలో మైకు కంటే ముందు మల్టీమీటర్ ఉంటుంది. ఎలక్ట్రీషియన్ 'అంతా ఓకే సార్' అన్నాక కూడా కొలుస్తాను, ఆయన మొహం మాడినా సరే.

ఆంప్లిఫయర్ లోపలే ఉన్న మిక్సర్ మంచిది కాదా? మోసేది ఒకటే కదా.

బడిలో, గుడిలో, ఒకే చోట స్థిరంగా ఉండే పనికి బాగానే ఉంటుంది. బ్యాండ్‌కు నేను వద్దంటాను. ఆంప్లిఫయర్ పాడైతే మిక్సర్ కూడా మరమ్మతుకు వెళ్తుంది.

డప్పు, డోలు ఉన్న బృందాలకు ఏమైనా వేరే చూసుకోవాలా?

బోర్డు అదే, అలవాటు మారాలి. డప్పు చర్మాన్ని మంట దగ్గర కాచి బిగిస్తారని మనకు తెలుసు. కాని సౌండ్ చెక్ సాయంత్రం, కాచక ముందు జరుగుతుంది. అప్పుడు మెత్తగా పలికిన డప్పుకు గెయిన్ (మైకు నుంచి వచ్చే ధ్వనిని లోపలికి వస్తూనే ఎంత పెంచాలో చెప్పే గుండీ) పెంచి పెట్టుకుంటారు. రాత్రి కాచి తెచ్చిన డప్పు మీద మొదటి దెబ్బ పడగానే ఎర్ర దీపం వెలిగి, ధ్వని పగిలిపోతుంది. గెయిన్ కాచిన తరవాతే పెట్టాలి, అదీ గట్టి దెబ్బకు కూడా ఎర్ర దీపం వెలగనంత కిందికి. మైకు సాకెట్ దగ్గర 'ప్యాడ్' మీట ఉన్న బోర్డు ఇక్కడ అక్కరకొస్తుంది, వచ్చే ధ్వనిని ముందే తగ్గిస్తుంది. చిన్న మండపంలో అయితే డప్పుకు మైకే అక్కర్లేదు. పాడేవాళ్ల మైకుల్లోకి అది ఎలాగూ దూరుతుంది.

ఒగ్గు కథలో ప్రధాన కథకుడు తిరుగుతూ, ఆడుతూ చెబుతాడు కాబట్టి తలకు తగిలించే వైర్‌లెస్ మైకు కావాలి. ఆ ఛానల్‌కు, నిజానికి గొంతు ఛానళ్లన్నిటికీ, 80 లేదా 100 హెర్ట్జ్ కంటే కిందున్న లోతు ధ్వనులను కోసే లో కట్ మీట నొక్కి ఉంచండి. అడుగుల చప్పుడు, గాలి, డోలు గుమగుమ గొంతులో కలవకుండా ఉంటాయి. బతుకమ్మ పాటలకు మాత్రం నేను మధ్యలో నిలబెట్టే ఒకటి రెండు మైకులతోనే సరిపెడతాను. చప్పట్లు దూరం నుంచి వినపడితేనే అందం.

ఏ కంపెనీది కొనమంటారు? స్వదేశీ కంపెనీలవి పనికిరావా?

ప్రసంగాలకు, భజనలకు అహూజా, స్టూడియోమాస్టర్ వంటివి ఊరూరా ఉన్నాయి, మరమ్మతు చేయగలిగే మెకానిక్కు దగ్గర్లోనే దొరుకుతాడు. అది చిన్న విషయం కాదు. బ్యాండ్‌కైతే యమహా ఎంజీ, సౌండ్‌క్రాఫ్ట్, అలెన్ అండ్ హీత్ జెడ్, మాకీ ప్రోఎఫ్‌ఎక్స్, బెహ్రింగర్ వరసల్లో మీ లెక్కకు సరిపోయేది ఏదైనా సరే. ఈ ధరల్లో కంపెనీల మధ్య ధ్వని తేడా మైదానం చివర కూర్చున్నవాళ్లకు తెలియదు. మైకు మార్చితే తెలుస్తుంది, స్పీకర్ జరిపితే తెలుస్తుంది.

హైదరాబాద్ వెళ్లి కొంటే కోఠి గుజరాతీ గల్లీ వైపు ఒక పూట తిరగండి. మీ మైకు, మీ తీగ, చెవి ఫోన్లు వెంట తీసుకువెళ్లండి. ప్రతి ఛానల్‌నూ అక్కడే పలికించండి. జీఎస్టీ బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఆ తగ్గింపు మీ వారంటీ లోంచి వచ్చిందే. వరంగల్‌లో కొంటే వందల్లో తేడా రావచ్చు, కానీ బోర్డు మొరాయించిన రోజు కాజీపేటలో రైలెక్కే పని ఉండదు.

చేతిలో లక్ష రూపాయలు ఉన్నాయి. మిక్సర్‌కు ఎంత?

స్పీకర్లు ఇప్పటికే ఉన్నాయా లేవా అన్నదాన్ని బట్టి. ఉంటే నేను మిక్సర్‌కు సగం దాటను. మిగతాది మైకులు, స్టాండ్లు, డీఐ పెట్టెలు, తీగలు, మోసుకెళ్లే పెట్టె. స్పీకర్లు లేకపోతే ముందు అవే కొనండి, మిక్సర్ ఇంకో సీజన్ అద్దెకే తెచ్చుకోండి. చవక తీగ ఒక్కటి చాలు, ఖరీదైన బోర్డును మూగబోయేలా చేయడానికి.

పాతది కొనవచ్చా?

అనలాగ్ అయితే కొనవచ్చు, చూడటం తెలిస్తే. ప్రతి ఫేడర్‌నూ పాట వస్తుండగా పైకి కిందికి జరపండి, గరగరమంటే దుమ్ము పట్టింది. ఒకటి రెండయితే శుభ్రం చేయిస్తే సరిపోతుంది, అన్నీ అయితే వద్దు. మైకు తీగ గుచ్చి సాకెట్‌ను మెల్లగా కదపండి, టపటపమంటే లోపల అతుకు ఊడింది. ఫాంటమ్ వేసి మల్టీమీటర్‌తో ఒకటో పిన్నుకూ రెండో పిన్నుకూ మధ్య కొలవండి, 48కి దగ్గరగా చూపాలి. మూడో పిన్నుకూ అంతే. బయటి అడాప్టర్‌తో నడిచే చిన్న బోర్డయితే అసలు అడాప్టర్ ఉందో లేదో చూడండి, ఏదో సరిపోయేది తగిలించి అమ్మేవాళ్లు ఉన్నారు. పాత డిజిటల్ మాత్రం తెలిసినవాళ్ల దగ్గర తప్ప కొనను.

రాత్రి పదింటికి పోలీసులు ఆపమంటున్నారు. మిక్సర్‌లో తగ్గిస్తే సరిపోదా?

సరిపోదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు లౌడ్‌స్పీకర్లు నిషేధం. పండుగలు, సాంస్కృతిక సందర్భాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆ రోజు మీ రోజేనా అని నిర్వాహకులను ముందే అడగండి. మంచి పాటలు చివరికి దాచుకోకండి.

ఆటోలో, డీసీఎంలో తీసుకువెళ్తాం. ఎలా కాపాడుకోవాలి?

లోపల స్పాంజి ఉన్న గట్టి పెట్టె చేయించండి. మూత తెరవగానే బోర్డు అందులో ఉండగానే పనిచేసుకునేలా కొలతలు ఇవ్వండి. గుండీల మీద బరువు పడకుండా మూతకూ బోర్డుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. జాతరల్లో ఎర్ర దుమ్ము, మిర్చి యార్డు దగ్గరి ఊళ్లలో అంతకంటే ఘాటైన దుమ్ము ఫేడర్ల సందుల్లోకి దిగుతుంది. వాయించనప్పుడల్లా ఒక నూలు గుడ్డ కప్పండి. ప్లాస్టిక్ కవరు వానకే, ఎండలో అది బోర్డును ఉడకబెడుతుంది.

ఆఖరి పాట అయ్యాక ముందు ఆంప్లిఫయర్ ఆపండి, తరవాత మిక్సర్. ఫేడర్ల కింద తెల్ల టేపు అంటించి పేర్లు రాసుకుని ఉంటారు కదా, ఆ టేపును ఆ రాత్రే పీకేయండి. మా బోర్డు మీద మూడేళ్ల కిందట మానేసిన గాయకుడి పేరు ఇప్పటికీ ఐదో ఛానల్ కింద జిగురుగా అంటుకుని ఉంది. కొత్తమ్మాయి తన మైకు ఏదని అడిగితే ఆ పేరే చూపిస్తున్నాం.